లాకుల సెంటర్లో రోడ్డు దాటేదెలాగండీ? అర్జీలో ఏం అడగాలి?

కాలవగట్టు:
పాలకొల్లు చుట్టుపక్కల వాళ్లెవరన్నా ఉంటే మా లాకుల సెంటర్ చూసే ఉంటారు. చూడనివాళ్లకి చెప్తాను. కాలవ మీద పాత వంతెన, మధ్యలో ఎత్తుగా లేచి ఉంటుంది, అది దిగగానే అడ్డంగా గట్టు రోడ్డు, ఎదురుగా హైస్కూలు వీధి. స్కూలు వదిలాక పిల్లలు వీధిలోంచి వచ్చి గట్టు రోడ్డు దాటి కాలవ వైపు బస్సు కోసం నిలబడాలి. వంతెన దిగి ఎడమకి తిరిగే బండి ఒక్కటీ స్లో చెయ్యదండి. ఆ ఎడమ మూలలో ఉండే పాత షెడ్డు తీసేసి కంకర పోసి తారేసి ఇంత వెడల్పు చేశాక మరీ ఎక్కువైంది. మొన్న మా వీధిలో పెద్దావిడ కూరల సంచితో దాటుతుంటే బైకు తగిలి తుంటి ఎముక విరిగింది, ఆపరేషన్ చేశారు, ఇంకా మంచం మీదే ఉన్నారు.

ఊళ్లో అందరం కలిసి అర్జీ పెడదామనుకుంటున్నాం. అయితే ఏం కావాలో మనకే క్లారిటీ లేకుండా వెళ్తే చూస్తాంలెండి అని పంపించేస్తారు. ఏం అడగమంటారు?

రొయ్యలచెరువు:
ఇంత చర్చ ఎందుకండీ, వంతెన దిగే చోట రెండు స్పీడ్ బ్రేకర్లు వేసేస్తే సరి. మా ఊళ్లో యాక్సిడెంట్ అయిన రాత్రే కుర్రాళ్లు నాలుగు బస్తాల సిమెంటు తెచ్చి వేసేశారు, తెల్లారేసరికి సెట్ అయిపోయింది. ఆఫీసుల చుట్టూ తిరిగితే మనవలు పెళ్లీడుకొస్తారు.

కొబ్బరిబొండం:
ఆయ్. ఆ బ్రేకర్ నాకు తెలుసండి. దాని మీదే మా బావ నడుం పట్టేసింది. 😄

పాత_ఓవర్సీర్:
రొయ్యలచెరువు గారూ, కోపం వద్దు గానీ ఆ రాత్రి పని మంచిది కాదండి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అని రోడ్ల కొలతలు చెప్పే సంస్థ ఉంది, వాళ్ల పద్ధతిలో హంప్ అంటే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, పైన గుండ్రంగా వస్తుంది, పాతిక కిలోమీటర్ల స్పీడులో హాయిగా దాటొచ్చు. మనవాళ్లు వేసేది అడుగు వెడల్పు అరడుగు ఎత్తు, దాని మీద కారు అడుగు తగులుతుంది, 108 లోపల ఉన్న పేషెంట్ ఎగిరి పడతాడు, స్కూటీ వెనక పిల్లని కూర్చోబెట్టుకున్న ఆడమనిషి చీకట్లో చూసుకోకపోతే అంతే సంగతులు. పైగా మీ సెంటర్లో అది దిగుడు. ధాన్యం లోడుతో దిగే ట్రాక్టర్ దిగుడులో సడెన్ బ్రేక్ కొడితే ట్రక్కు వెనకనించి తోస్తుంది. ముందు హెచ్చరిక బోర్డు లేదు, తెల్ల చారలు లేవు, పైగా మీ దగ్గర రోడ్డు ఎప్పుడూ తడి.

రొయ్యలచెరువు:
తడి ఎందుకుంటుందండీ, ఎండాకాలం కూడానా?

పూతరేకు:
మీ బండ్ల వల్లేనండి బాబూ 🙂 చేపల లారీలు, రొయ్యల వ్యాన్లు ఐసు కరిగిన నీళ్లు రోడ్డంతా కారుస్తూ పోతాయి కదా. వంతెన దిగి మలుపు తిరిగేటప్పుడు ఊగి అక్కడే ఎక్కువ ఒలికిపోతాయి. నేను ఆ స్కూల్లోనే టీచర్ని. మా పిల్లలు నీచు నీళ్లు షూస్ కి అంటకూడదని పక్కకి గెంతుతారు, గెంతేది రోడ్డు మధ్యలోకి. సైకిల్ పిల్లలు జారి పడడం మాకు మామూలైపోయింది.

రొయ్యలచెరువు:
అది నిజమే, ఒప్పుకుంటా. డ్రెయిన్ పైపుకి మూత పెట్టి, కారే నీళ్లు డ్రమ్ములోకి పట్టుకోమంటే డ్రైవర్లు వినరు. మా బండ్ల వరకు నేను చెప్తాను, మిగతావాళ్లకి చెప్పాలంటే ఐసు ఫ్యాక్టరీ దగ్గరే చెప్పాలి, అందరూ అక్కడికి రావల్సిందే.

కూకట్‌పల్లి_గోదారోడు:
మాది ఆ పక్క ఊరే, ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నాను. ఫుట్ ఓవర్ బ్రిడ్జి అడగండి. ఒక్కసారి కట్టేస్తే పర్మనెంట్ సొల్యూషన్, బండ్లకీ అడ్డం ఉండదు. ఇక్కడ చాలా చోట్ల కట్టారు, కొన్నిటికి లిఫ్టులు కూడా ఉన్నాయి.

పూతరేకు:
మీ దగ్గర ఆ బ్రిడ్జిలు ఎక్కేవాళ్లెంతమందో, కింద డివైడర్ సందులోంచి దూరేవాళ్లెంతమందో ఒకసారి చూసి చెప్పండి. కింద ఐదున్నర మీటర్లు క్లియరెన్స్ వదలాలంట, అంటే నలభై మెట్లు ఎక్కి నలభై దిగాలి, ఇరవై రెండడుగుల రోడ్డు దాటడానికి. తుంటి విరిగినావిడ ఎక్కుతుందా? అసలు నడిచేవాడిని పైకి పంపించి బండివాడికి రోడ్డు మొత్తం ఇచ్చేయడం ఏంటో నాకర్థం కాదు.

కూకట్‌పల్లి_గోదారోడు:
సరే మేడమ్, సిగ్నల్ అయినా పెట్టించండి మరి.

కొబ్బరిబొండం:
కరెంటు పోయినప్పుడు?

పాత_ఓవర్సీర్:
సిగ్నల్ అంత ట్రాఫిక్ లేదు లెండి అక్కడ, రోజులో గంటన్నర పొద్దున, గంటన్నర సాయంత్రం, అంతే. మిగతా టైమంతా ఎర్రలైటు దగ్గర ఎవడూ ఆగడు, ఆగకపోవడం అలవాటైపోతే స్కూల్ టైములో కూడా ఆగడు.

నిన్న పాలకొల్లు వెళ్తూ మీ సెంటర్లో దిగాను. ఉద్యోగం మానేసినా టేపు జేబులోనే ఉంటుంది నాకు, మా ఆవిడ తిడుతూ ఉంటుంది. కొలిచాను. గట్టు రోడ్డు మామూలుగా 22 అడుగులు. కానీ పిల్లలు దాటే చోట, అంటే సరిగ్గా మలుపు నోటి దగ్గర, 45 అడుగులు వచ్చింది. షెడ్డు తీసి వెడల్పు చేసిన పుణ్యం అది. మనిషి మామూలు నడక సెకనుకి 1.2 మీటర్లు లెక్క వేస్తాం, ముసలివాళ్లు ఇంకా తక్కువ. 22 అడుగులంటే ఐదున్నర సెకన్లు. 45 అడుగులంటే 11 సెకన్లు పైనే.

ఇప్పుడు రెండో లెక్క చూడండి. వంతెన నడినెత్తి నుంచి దాటే చోటుకి 40 మీటర్లుంది. నెత్తి అవతల ఉన్న బండి ఇవతలి వాళ్లకి కనపడదు, బండివాడికి వీళ్లు కనపడరు. 40 స్పీడులో వచ్చే బైకు సెకనుకి 11 మీటర్లు పోతుంది. అంటే కనపడ్డాక నాలుగు సెకన్లు కూడా పట్టదు మీద పడడానికి. పిల్ల రెండు పక్కలా చూసి, రోడ్డు ఖాళీగా ఉందని నిర్ధారించుకుని అడుగేస్తే, మూడో వంతు దాటేసరికి బైకు వచ్చేస్తుంది. చూసుకుని దాటొచ్చుగా అనేవాళ్లకి ఈ లెక్క చూపించండి. అక్కడ చూసుకుని దాటినా కుదరదు.

కాలవగట్టు:
ఓవర్సీర్ గారూ, ఇదండీ నాకు కావల్సింది. మా ఇంట్లో కూడా పాపనే తిడతాం సరిగ్గా చూసుకో అని.

సోడాబండి:
నాది ఆ మూల మీదే కొట్టు. పొద్దున్నించి రాత్రి దాకా చూసేది నేను కాబట్టి నన్ను కూడా ఒక మాట చెప్పనివ్వండి. మీరు రాసినదంతా కరెక్టే గానీ అసలు బండివాడికి పిల్లలు ఎందుకు కనపడరంటే వంతెన రెయిలింగుకి కట్టిన ఫ్లెక్సీలండి. పుట్టినరోజు ఫ్లెక్సీ, పండగ ఫ్లెక్సీ, పెళ్లిరోజు ఫ్లెక్సీ, సంక్రాంతికైతే కోడి బొమ్మతో ఇంత పొడుగువి, ఒకదాని మీద ఒకటి. బస్సు కోసం నిలబడ్డ పిల్లల తలకాయలు కూడా కనపడవు దాని వెనకాల. ఎవడిది పీకినా గొడవే. పీకినవాడిది ఏ పార్టీ అని అడుగుతారు, రోడ్డు దాటే పార్టీ అంటే ఎవడు నమ్ముతాడు.

కొబ్బరిబొండం:
రోడ్డు దాటే పార్టీ 😂😂 నా ఓటు మీకే.

ఆటోస్టాండ్:
అందరూ రాస్తున్నారు గానీ రేపు తీర్మానం చేసేసరికి ఆటోవాళ్లని తీసెయ్యండి అంటారు, అది నాకు తెలుసు. మేం స్కూలు వీధి మొగలో పెట్టుకుంటాం, నిజమే. ఇంకెక్కడ పెట్టమంటారు? బస్సు దిగినోడు వంద గజాలు నడిచి రాడు, ముందు కనపడ్డ ఆటో ఎక్కుతాడు. స్టాండ్ ఇస్తామని రెండు ఎలక్షన్ల నించీ చెప్తున్నారు.

పూతరేకు:
మిమ్మల్ని తీసెయ్యమని ఎవరూ అనలేదండి, కోప్పడకండి. కానీ ఒక సంగతి వినండి. మీ ఆటోలు మొగలో వరసగా ఉంటాయి కదా, మా ఆరో తరగతి పిల్లలు ఆటో టాప్ కంటే పొట్టి. రెండు ఆటోల మధ్యలోంచి బయటికి వచ్చేదాకా పిల్ల ఉందని బండివాడికి తెలీదు, బండి వస్తోందని పిల్లకి తెలీదు. తల బయటపెట్టి చూడాలి, తల బయటపెట్టేసరికే రోడ్డు మీద ఉన్నట్టు. మీ పిల్లలు కూడా మా స్కూలే కదా.

ఆటోస్టాండ్:
మా చిన్నోడు ఏడో తరగతి. అర్థమైంది మేడం. అటు ఇరిగేషన్ బంగళా గోడ పక్కన నిద్రగన్నేరు చెట్టు ఉంది కదా, దాని కింద పెట్టుకోమంటే మా వాళ్లతో మాట్లాడతాను. నీడ ఉంటుంది. కానీ అక్కడ గుంత పూడ్చి చిప్స్ పోయించాలి, వానొస్తే మోకాలి లోతు బురద. ఇంకోటి, బస్సు కూడా అటే ఆగాలి, లేపోతే మా పొట్ట కొట్టినట్టే.

పాత_ఓవర్సీర్:
ఆటోస్టాండ్ గారు తెలిసి అన్నారో తెలియక అన్నారో గానీ అసలు కీలకం అదే. బస్టాప్ ఇప్పుడు మలుపుకి ఆనుకుని ఉంది. బస్సు ఆగగానే వెనక బండ్లు దాన్ని దాటుకుని పోతాయి, బస్సు ముందునించి పిల్లలు దాటుతారు. స్టాపుని ఒక ముప్పై నలభై మీటర్లు ముందుకి, చెట్టు వైపు జరిపి, ఆటోలు కూడా అక్కడే ఉంటే, దిగినోళ్లు బస్సు వెనకనించి దాటతారు, వచ్చే బండి కనపడుతుంది.

ఇక మలుపు సంగతి. పోలీసుని పెట్టమనో, బ్రేకర్ వెయ్యమనో కాదు, ఆ వెడల్పు చేసిన మూలని మళ్లీ ఇరుకు చెయ్యమని అడగండి. నవ్వుతారు ముందు, రోడ్డు వెడల్పు చెయ్యమని అర్జీలు వస్తాయి గానీ ఇరుకు చెయ్యమని ఎవడూ అడగడు. మలుపు ఇరుకైతే బైకువాడు హ్యాండిల్ తిప్పడానికి తనంతట తానే పదిహేను ఇరవై స్పీడుకి దిగాలి, దిగకపోతే తిరగదు. బ్రేకర్ అక్కర్లేదు, బోర్డు చదవక్కర్లేదు. దాటే దూరం కూడా 45 నుంచి 22, 24 అడుగులకి వస్తుంది. ఒకే పనితో రెండూ.

రొయ్యలచెరువు:
మరి లోడు లారీ ఎలా తిరుగుతుందండీ? గడ్డి ట్రాక్టర్ ఎలా తిరుగుతుంది? కోత మిషన్లు వచ్చే రోజుల్లో? అన్నీ కాలవలో పడతాయి. ఇరుకు చేస్తే మొదట అర్జీ నేనే పెడతా.

పాత_ఓవర్సీర్:
మంచి ప్రశ్న, ఇది అడక్కుండా ఇరుకు చేసినచోటే తర్వాత జనం పగలగొట్టేశారు. దానికి పద్ధతి ఉంది. మూల మొత్తం ఎత్తు గట్టు కట్టరు. లోపలి భాగం ఫుట్‌పాత్ ఎత్తు, అంటే 15 సెంటీమీటర్లు మించకుండా. దాని బయట ఒక పట్టీ రెండు మూడు అంగుళాల ఎత్తులో గరుకు రాళ్లతో పరుస్తారు. పెద్ద లారీ వెనక చక్రం దాని మీదనుంచి ఎక్కి దిగిపోతుంది, కారుకీ బైకుకీ అది గడగడలాడుతుంది కాబట్టి అటు పోరు. బస్సుకీ అంతే.

అయితే మొదటే కాంక్రీట్ పోయొద్దు. ముందు నెల రోజులు ఇసక నింపిన డ్రమ్ములు పెట్టి చూడాలి. లారీ ఎక్కడ తగులుతుందో డ్రమ్ము మీద గీతే చెప్తుంది, దాన్ని బట్టి జరుపుకోవచ్చు. ఖర్చు ఏముంది, డ్రమ్ములు, సున్నం, రేడియం స్టిక్కర్లు.

కూకట్‌పల్లి_గోదారోడు:
మలుపులో గుండ్రటి అద్దం పెట్టినా ఉపయోగం ఉంటుంది కదా? ఘాట్ రోడ్లలో పెడతారు.

సోడాబండి:
జనవరి పొద్దున్న మంచుకి మా కొట్టు అద్దాలే కనపడవండి.

కాలవగట్టు:
నా డౌటు ఏంటంటే ఇదంతా ఎవరిని అడగాలి? గట్టు ఇరిగేషన్ వాళ్లది, రోడ్డు ఆర్ అండ్ బి వాళ్లది అంటారు, స్కూలు వీధి పంచాయతీది, స్తంభం కరెంటు వాళ్లది. ఇదివరకు లైటు కోసం ఒక ఆఫీసుకి వెళ్తే మాది కాదన్నారు, రెండో ఆఫీసుకి వెళ్తే మొదటి ఆఫీసు కాగితం తెమ్మన్నారు.

పాత_ఓవర్సీర్:
అందుకే ఒక్కో ఆఫీసుకి వెళ్లకూడదు. జిల్లా రోడ్డు భద్రతా కమిటీ అని ఉంటుంది, కలెక్టర్ గారు ఛైర్మన్, ఎస్పీ, రవాణా శాఖ, ఆర్ అండ్ బి అందరూ ఒకే బల్ల మీద కూర్చుంటారు. సోమవారం భీమవరం కలెక్టరేట్లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చి, ఈ కమిటీ ముందు పెట్టమని అందులోనే రాయండి. రసీదు నంబరు తీసుకోండి.

ఇంకో రెండు మాటలు అర్జీలో ఉండాలి. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించినప్పుడు 198ఎ అని కొత్త సెక్షన్ పెట్టారు. రోడ్డు డిజైన్, కట్టడం, మెయింటెనెన్సులో ప్రమాణాలు పాటించక మనిషి చనిపోయినా, అంగవైకల్యం వచ్చినా బాధ్యులకి లక్ష రూపాయల దాకా జరిమానా. లక్ష పెద్ద సొమ్ము కాదు గానీ ఆ నంబరు కాగితం మీద కనపడితే ఫైలు కదులుతుంది, నా సర్వీసులో నేనూ అవతలి కుర్చీలో కూర్చున్నవాడినే కదా. రెండోది, 2025 మేలో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద సురక్షితంగా నడవడం రాజ్యాంగం 21వ అధికరణ కింద హక్కు అని చెప్పి రాష్ట్రాలన్నిటినీ మార్గదర్శకాలు పెట్టమంది. అది కూడా రాయండి.

పూతరేకు:
అర్జీతో పాటు మా పిల్లల చేత ఒక బొమ్మ గీయిస్తాను, ఏ పిల్ల ఎటునుంచి వస్తుంది, ఎక్కడ దాటుతుంది అని. గొప్ప మ్యాపు కాదు గానీ ఆఫీసర్ గారికి ఒక్క చూపులో అర్థమవుతుంది. ఓవర్సీర్ గారి లెక్కలు కూడా అందులోనే రాస్తాం.

ఫుట్‌పాత్ అన్నారు కాబట్టి ఒక మాట. మా వీధిలో డ్రెయిను మీద పలకలే ఫుట్‌పాత్. మూడు చోట్ల పలకలు లేవు, ఒక చోట కొబ్బరి మట్ట అడ్డం వేసి ఉంచారు, మిగిలినచోట కొట్ల మెట్లు, బజ్జీల బండి. పిల్లలు రోడ్డు మీద నడవక ఎక్కడ నడుస్తారు.

సోడాబండి:
బజ్జీల బండి జోలికి రాకండి మేడం, ఆవిడకి అదే ఆధారం. వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది, ఉన్నపళంగా ఎత్తెయ్యడానికి లేదు. బండి నా కొట్టు పక్క సందులోకి పెట్టుకోమని నేనే చెప్తాను, నా మెట్టు కూడా ఒక అడుగు కొట్టించుకుంటాను. నేను కొట్టించుకుంటే పక్కవాడు సిగ్గుకైనా కొట్టించుకుంటాడు.

కొబ్బరిబొండం:
ఇంతవరకు జోకులేశాను గానీ ఒక సీరియస్ మాట. మాది కోనసీమ వైపు, చించినాడ బ్రిడ్జి దాటి కొబ్బరి లోడుతో అటు వస్తుంటాను. రాత్రిపూట మీ సెంటర్లో లైటు చెట్టు కొమ్మల్లో ఉంటుంది, మనుషులు నల్లగా నీడల్లా కనపడతారు, ఎదురు బండి లైటు పడితే అదీ కనపడదు. లైటు మనిషికి వెనక కాదండి, డ్రైవరు వచ్చే వైపు, జీబ్రాకి కొంచెం ముందు ఉండాలి, అప్పుడు మనిషి మీద వెలుగు పడుతుంది. అలాగే జీబ్రా వేస్తే మామూలు పెయింటు వెయ్యనివ్వకండి, ఒక వర్షాకాలానికి పోతుంది. వేడి చేసి పోస్తారే, గాజు పూసలు కలిపి, ఆ రకం వెయ్యమనండి, హెడ్ లైటుకి మెరుస్తుంది.

పాత_ఓవర్సీర్:
థర్మోప్లాస్టిక్ అంటారు. శభాష్, డ్రైవరు చెప్పిన మాట ఇంజినీరు మాట కంటే విలువైంది.

ఆటోస్టాండ్:
మరి బైకు కుర్రాళ్ల సంగతి ఎవరూ మాట్లాడరేం. ముగ్గురేసి ఎక్కి, మీసం రానోళ్లు. తల్లిదండ్రులే తాళాలు ఇస్తారు.

పూతరేకు:
నిజం. పద్దెనిమిది నిండని పిల్లాడు బండి నడిపితే తండ్రికి పాతిక వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అని అదే 2019 సవరణలో ఉంది. పేరెంట్స్ మీటింగులో చెప్తే తలలూపుతారు, మర్నాడు బండి మీదే దింపుతారు, వెనక్కి వాడే నడుపుకుంటూ వస్తాడు. 2022లో దేశం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే అందులో 32,825 మంది నడిచిపోయేవాళ్లని కేంద్రం లెక్క. బండి ఎక్కనివాళ్లండి వాళ్లు.

కాలవగట్టు:
అయితే అర్జీలో ఇవి రాస్తున్నాను, ఏమన్నా మర్చిపోతే చెప్పండి. మూల ఇరుకు చెయ్యడం, ముందు డ్రమ్ములతో. బస్టాప్, ఆటోలు చెట్టు దగ్గరికి, అక్కడ గుంత పూడ్చి. లైటు మార్చడం. జీబ్రా. పలకలు. రెయిలింగ్ మీద ఫ్లెక్సీలు నిషేధం, పార్టీ ఏదైనా సరే. వంతెన అవతల స్కూలు బోర్డు.

రొయ్యలచెరువు:
బ్రేకర్ కూడా రాయండి, రూల్ ప్రకారమే, ఓవర్సీర్ గారు చెప్పిన కొలతల్లోనే. దిగుడులో వద్దంటే స్కూలు వైపు గట్టు రోడ్డు మీద. అటునుంచి వచ్చేవాళ్లు మాత్రం మెల్లగా వస్తున్నారా ఏంటి.

పాత_ఓవర్సీర్:
ఒప్పుకుంటాను. అటు చదును, అక్కడ వెయ్యొచ్చు. ముందు బోర్డు, మీద చారలు తప్పకుండా. ఇంకొక్కటి, డ్రమ్ములు మీ అంతట మీరు పెట్టకండి. స్టేషన్లో ఎస్సై గారికి, ఆర్ అండ్ బి సెక్షన్ ఆఫీసులో ఏఈ గారికి లెటర్ ఇచ్చి, వాళ్లు వచ్చిన రోజే పెట్టండి. లేకపోతే రాత్రి ఎవరన్నా డ్రమ్ముకి గుద్దుకుంటే కేసు మీ మీద పడుతుంది. దాళ్వా కోతలు మొదలవ్వక ముందే పెట్టుకుంటే మంచిది, ధాన్యం ట్రాక్టర్లతో రద్దీ పెరిగితే ట్రయల్ కి ఎవరూ ఒప్పుకోరు.

రొయ్యలచెరువు:
డ్రమ్ములు నావి. మేత కలిపే నీలం డ్రమ్ములు చెరువు గట్టు మీద పడి ఉన్నాయి, కడిగి పంపిస్తాను. ఇసక మీరు చూసుకోండి.

సోడాబండి:
ఇసక నా కొట్టు వెనక ఇల్లు కట్టేవాళ్ల దగ్గర అడుగుతాను. రేడియం స్టిక్కర్లు ఎర్రవా తెల్లవా?

కొబ్బరిబొండం:
రెండూ తెండి, ఒకటి వదిలి ఒకటి. భీమవరంలో లారీల సామాన్ల షాపులో మీటర్ల లెక్కన ఇస్తారు, బుధవారం అటు వస్తున్నాను, ఎన్ని డ్రమ్ములో చెప్తే నేనే పట్టుకొస్తా.